జీడిమామిడి అంట్ల సమీక్ష: నర్సరీ చెప్పే కిలోలు ఏ నేలలో నిలుస్తాయి, ఏ నేలలో సగమవుతాయి

జీడి అంటు కొనేటప్పుడు నర్సరీ వాళ్ళు చెప్పే అంకెలు మూడు. పిక్క సగటు బరువు, పిక్కలో పప్పు శాతం, చెట్టుకు ఏటా వచ్చే కిలోలు. మొదటి రెండూ అంటుతో పాటే తోటలోకి వస్తాయి. మూడోది రాదు. అది ఆ రకాన్ని విడుదల చేసిన పరిశోధన స్థానంలోని నేలకు, అక్కడి బెట్టకాలానికి, అక్కడ వేసిన ఎరువుకు, వేళకు కొట్టిన మందుకు చెందిన అంకె. రకాల మీద జరిగే వాదనల్లో సగం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టినవే.

లెక్క చూద్దాం. బాపట్ల నుంచి 1993లో విడుదలైన బీపీపీ-8కి పిక్క బరువు 8.2 గ్రాములు, పప్పు 29 శాతం, చెట్టుకు 14 కిలోలు అని చెబుతారు. 14 కిలోలంటే సుమారు 1,700 పిక్కలు. నీళ్ళు లేని ఏడాదిలో పిక్క కొంత చిక్కుతుంది గానీ, అదే బాపట్ల నుంచి వచ్చిన బీపీపీ-6 సైజుకు, అంటే 5.2 గ్రాములకు, దిగిపోదు. పడిపోయేది పిక్కల సంఖ్య. 1,700 కాస్తా 700 అవుతుంది. కాబట్టి బరువు, పప్పు శాతం చూసి రకాన్ని ఎంచుకోవాలి. కిలోల సంగతి సొంత నేల, సొంత వాతావరణం చూసుకుని తేల్చుకోవాలి. కింద ఒక్కో రకం గురించి చెప్పేదంతా ఈ లెక్క ప్రకారమే.

ఇంకో మాట. ఆ కిలోలు ముదురు చెట్లవి. అంటు నాటిన మూడో ఏడు కిలో, నాలుగో ఏడు రెండు మూడు కిలోలు రావడం మామూలే. పూర్తి కాపు ఎనిమిది, పదేళ్ళకు గానీ అందదు. నాలుగో ఏట తూకం వేసి రకాన్ని తిట్టడం తొందరపాటు.

పిక్కల సంఖ్య ఎక్కడెక్కడ తగ్గుతుంది

జీడి కొత్త చిగురు చివర్లోనే పూస్తుంది. వానలు తగ్గాక చెట్టు చిగురు వేయాలి, ఆ చిగురు ముదిరి పూగుత్తిగా మారాలి. గుత్తిలో వందల పూలుంటాయి గానీ ఎక్కువ భాగం మగవే. పిందె కట్టే ద్విలింగ పూల వాటా రకాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారిపోతుంది. వాటిలోనూ పండి రాలే పిక్క దాకా వచ్చేవి పదో వంతు కూడా ఉండవు. అంటే నాలుగు మెట్లు: చిగుళ్ళు, గుత్తులు, ద్విలింగ పూలు, నిలిచిన పిందెలు. ప్రతి మెట్టు దగ్గరా వాతావరణం తన వాటా తీసుకుంటుంది.

మొదటి మెట్టుకు కావలసింది ఎండ. కొమ్మలు ఒకదానికొకటి తగిలి నీడ పడితే ఆ వైపు చిగురు పూతకు రాదు, లోపలి రెమ్మలు ఎండిపోతాయి. అందుకే తోట కమ్ముకుపోయాక ఏ రకమైనా పైభాగంలోనే కాస్తుంది, ఎకరా దిగుబడి ఏటేటా జారుతుంది.

రెండో మెట్టుకు కావలసింది బెట్ట. జీడికి ఏటా 1,000 నుంచి 2,000 మిల్లీమీటర్ల వాన సరిపోతుంది. 600 మిల్లీమీటర్లున్న చోటా, 3,000 దాటిన చోటా చెట్టు బతుకుతుంది. అయితే దిగుబడిని తేల్చేది మొత్తం వాన కాదు, పూత నుంచి కోత దాకా నాలుగైదు నెలలు పొడిగా ఉందా లేదా అన్నది. వానలు ఆలస్యంగా వెనక్కి వెళ్ళిన ఏడాది చెట్టు చిగురు మీద చిగురు వేస్తుంది, పూత నెల వెనక్కి పోతుంది. పూతకు ముందు డ్రిప్పు తిప్పేవాళ్ళు కూడా తెలియకుండానే ఇదే పని చేస్తారు. నీళ్ళు ఇవ్వాల్సింది పూత బయటపడి పిందె కట్టడం మొదలయ్యాక. జనవరి నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు. దీనివల్ల పిందె రాలడం తగ్గుతుంది.

మూడు, నాలుగు మెట్లను వేడి, తేమ కలిసి శాసిస్తాయి. 20 నుంచి 30 డిగ్రీల మధ్య చెట్టు హాయిగా ఉంటుంది. పిందె ఆవగింజ, బఠాణీ సైజుల్లో ఉన్నప్పుడు పగటి వేడి 39, 40 డిగ్రీలు దాటితే నల్లబడి రాలిపోతుంది. పిందె కట్టిన మొదటి ముప్పై, నలభై రోజుల్లో పిక్కే పెరుగుతుంది, పండు ఉబ్బేది ఆ తర్వాతే. కాబట్టి ఆ మొదటి నెలలో తగిలిన దెబ్బను తర్వాత ఎన్ని నీళ్ళు కట్టినా పూడ్చలేం. పూత మీద మబ్బు, మంచు, తేమ పట్టుకుంటే కథ మరోలా ఉంటుంది. తేయాకు దోమ, బూడిద తెగులు, పూత మాడు వస్తాయి.

తేయాకు దోమను గుర్తుపట్టడం తప్పనిసరిగా రావాలి. ఎందుకంటే దాని నష్టాన్ని చాలామంది "ఈ రకం పూస్తుంది గానీ కాయదు" అని రకం ఖాతాలో వేసేస్తారు. పురుగు కుట్టిన చోట లేత కాడ మీద ముందు నీరు కారినట్టు చిన్న మచ్చ పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అది గోధుమ రంగుకు తిరిగి, తర్వాత నల్లగా కాడ పొడవునా సాగుతుంది. మచ్చ మీద బంక చుక్క నిలబడి ఉంటుంది. అలాంటి మచ్చలు కలిసిపోతే గుత్తి మొత్తం మంటకు కమిలినట్టు ఎండుతుంది. దూరం నుంచి చూస్తే ఎండ దెబ్బలా అనిపిస్తుంది, దగ్గరకు వెళ్ళి కాడ చూస్తే గానీ తేలదు. ముమ్మరంగా వచ్చిన ఏడాది పంటలో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. పొడి ప్రాంతాల్లో దీని బెడద తక్కువ. అక్కడ తామర పురుగులు వస్తాయి, పిక్క మీద, పండు మీద బెరడు కట్టినట్టు గరుకు మచ్చలు వాటి గుర్తు.

మందు చల్లడానికి మూడు సమయాలున్నాయి: చిగురు వేసినప్పుడు, పూగుత్తులు బయటపడినప్పుడు, పిందె దశలో. మొదటిది మానేసి మిగతా రెండూ కొట్టేవాళ్ళే ఎక్కువ. అప్పటికే పురుగు స్థిరపడి ఉంటుంది. చల్లడం సాయంత్రం పూటే. ద్విలింగ పూలు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు లోపు విచ్చుకుంటాయి. జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి అంతగా ఎగరదు, తేనెటీగలూ చీమలూ ఈగలూ మోయాలి. ఆ వేళ మందు కొడితే పురుగుతో పాటు పిందె కూడా పోతుంది.

రకాల మాట

బీపీపీ-8. తూర్పు కోస్తా ఎర్ర నేలలకు, ఇసుక నేలలకు ఇదే మొదటి ఎంపిక, ఆ పేరు ఊరికే రాలేదు. పిక్క పెద్దది, పప్పు డబ్ల్యూ-210 గ్రేడు. అంటే పౌనుకు 200 నుంచి 210 పప్పులు తూగుతాయి. 29 శాతం లెక్కన 14 కిలోల పిక్కల్లో నాలుగు కిలోల పప్పు వస్తుంది. అదే బాపట్ల పాత రకాలు బీపీపీ-4, బీపీపీ-6 లో పప్పు శాతం 23, 24 దగ్గరే ఆగుతుంది, గ్రేడు కూడా డబ్ల్యూ-400. చెట్టు గుండ్రంగా విస్తరించి బాగా ఎదుగుతుంది కాబట్టి లోతైన నేలలో 7.5 మీటర్ల కంటే దగ్గరగా నాటి, కత్తిరింపు మానేస్తే ఏడెనిమిదేళ్ళకు కమ్మేస్తుంది. ఎడతెగని వాన, తేమ ఉండే పడమటి తీరానికి తీసుకెళ్తే దీనికంటే అక్కడి రకాలే మెరుగు. తోటంతా ఒకే రకం వేయాల్సి వస్తే, పొడి బెట్ట స్పష్టంగా ఉండే చోట, మా ఓటు దీనికే.

వీఆర్‌ఐ-3. తమిళనాడులోని వృద్ధాచలం నుంచి వచ్చింది. పిక్క 7.2 గ్రాములు, పప్పు 29.1 శాతం, గ్రేడు ఇదీ డబ్ల్యూ-210. చెట్టుకు 10 కిలోలే అని చాలామంది పక్కన పెడతారు. చెట్టుకు కాకుండా హెక్టారుకు లెక్కేస్తే మాట మారుతుంది. వీఆర్‌ఐ-3 ని 5×4 మీటర్ల సాంద్ర పద్ధతిలో హెక్టారుకు 500 మొక్కలుగా వేయొచ్చు. 7.5×7.5 లో పట్టేవి 177. 500 చెట్లున్నప్పుడు చెట్టుకు 10 కిలోలు రావు, అది ఆశించకూడదు. చెట్టుకు నాలుగైదు వచ్చినా తొలి ఏళ్ళలో హెక్టారు మొత్తం ముందుకే వస్తుంది. షరతు ఏమిటంటే కోత అయిన వెంటనే ఏటా కత్తిరింపు జరగాలి, కొమ్మలు కమ్ముకున్నాక వరుస విడిచి వరుస తీసేయాలి. ఈ రెండూ చేయలేనివాళ్ళు సాంద్ర పద్ధతి జోలికి పోకపోవడం మంచిది. చేతికి వచ్చేది మొదటి నాలుగైదు కాపులు, ఆ తర్వాత అడవి.

వెంగుర్ల-4, వెంగుర్ల-7. రెండూ మహారాష్ట్ర కొంకణ తీరంలో పుట్టిన సంకర రకాలు. 1981 నాటి వెంగుర్ల-4 అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి: 17 కిలోలు, పిక్క 7.7 గ్రాములు, పప్పు 31 శాతం. అంటే చెట్టుకు ఐదు కిలోలకు పైగా పప్పు. వెంగుర్ల-7 పిక్క 10 గ్రాములు, పప్పు 30.5 శాతం, గ్రేడు డబ్ల్యూ-180. పిక్క ఇంత పెద్దదై ఉండి పప్పు 30 శాతం దాటడం అరుదు, అందుకే పప్పు ఫ్యాక్టరీ వాళ్ళు దీన్ని ఇష్టపడతారు. కానీ ఈ కిలోలు ఎర్ర లాటరైటు గుట్టల మీద, 3,000 మిల్లీమీటర్ల వాన తర్వాత నేల లోతుల్లో నిలిచిన తేమతో వచ్చినవి. 800, 900 మిల్లీమీటర్ల వానతో, రెండడుగుల కింద రాయి తగిలే నేలలో అదే 17 కిలోలు రావు. పెద్ద పిక్క నింపడానికి పిందె దశలో తేమ కావాలి. నేల లోతు లేకపోతే చెట్టు పిందెలు రాల్చుకుని లెక్క సరిచేసుకుంటుంది. డ్రిప్పు ఉన్నవాళ్ళు వెంగుర్ల-4 ధైర్యంగా వేయొచ్చు, లేనివాళ్ళు నాలుగో వంతుకు మించకుండా చూసుకోవాలి.

ప్రియాంక. కేరళ రకం, పిక్క 10.8 గ్రాములు. సంచిలో చూడ్డానికి అందంగా ఉంటుంది. పప్పు మాత్రం 26.5 శాతమే, తొక్క మందం. దిగుబడి 17 కిలోలని చెప్పినా పప్పు లెక్కలో నాలుగున్నర కిలోలు, వెంగుర్ల-4 కంటే తక్కువ. సైజు చూసి కొనే రకాల్లో ఇది మొదటిది, అందుకే ఈ హెచ్చరిక. పిక్కగా అమ్మేవాళ్ళకు పనికొస్తుందేమో గానీ, పప్పు చేసి అమ్మేవాళ్ళు వెంగుర్ల-7 చూడాలి.

ఉల్లాల్-3 ని, ఉల్లాల్-1 ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వ్యాసం మొత్తం అర్థమవుతుంది. కర్ణాటక తీరంలోని ఉల్లాల్‌లో ఒకే పరిశోధన స్థానం నుంచి వచ్చిన రెండు రకాలివి. ఉల్లాల్-1 కి అక్కడ చెట్టుకు 16 కిలోలు, ఉల్లాల్-3 కి 14.7. అంకె చూస్తే ఉల్లాల్-1 గెలుస్తుంది. కానీ ఉల్లాల్-1 కాపు మూడు నెలలకు పైగా సాగుతుంది. ఉల్లాల్-3 నవంబరు, డిసెంబరుల్లోనే పూసి యాభై, అరవై రోజుల్లో కోత ముగిస్తుంది. ఎండలు ముందే మండే మెట్ట ప్రాంతంలో, లేదా ఏప్రిల్లోనే అకాల వానలు పడే చోట, ఉల్లాల్-1 చివరి మూడో వంతు పంట మాడిపోవడమో తడిసి పప్పు మచ్చలు పడటమో జరుగుతుంది. అక్కడ ఉల్లాల్-3 దే పైచేయి. బెట్ట పొడవుగా, ఎండ మితంగా ఉండే తీరంలో ఉల్లాల్-1 మళ్ళీ ముందుకొస్తుంది. కోత కూలీలు దొరకని చోట కూడా రెండు నెలల్లో పని ముగిసే రకమే మేలు, పిక్క రోజూ ఏరాల్సిన సరుకు కదా. ఉల్లాల్-3 లోపం ఒక్కటే: వానలు డిసెంబరు దాకా సాగే చోట పూత వానకు దొరికిపోతుంది. తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాల దారిలో ఉన్న నేలల్లో ముందు పూసే రకాలన్నిటికీ ఇదే గండం.

భాస్కర. కర్ణాటకలోని పుత్తూరు జాతీయ జీడిమామిడి పరిశోధన కేంద్రం 2006 లో విడుదల చేసింది. పిక్క 7.4 గ్రాములు, పప్పు 30.6 శాతం, చెట్టుకు 10.7 కిలోలు. కిలోల్లో వెనకబడినట్టు కనిపించే ఈ రకానికి ఉన్న బలం వేరు. తేయాకు దోమ తక్కువగా, ఒక మోస్తరుగా ఉన్న ఏడాదుల్లో దీని మీద దెబ్బ పెద్దగా పడదు. ముమ్మరంగా వస్తే ఇదీ తట్టుకోదు, మందు తప్పదు. తేమ ఎక్కువై, మూడు విడతల మందు కొట్టడం కుదరని తోటల్లో భాస్కర 10 కిలోలు వెంగుర్ల-4 17 కిలోల కంటే నమ్మకమైనవి.

మడక్కతర-1 ముందు పూసేది, మడక్కతర-2 ఆలస్యంగా పూసేది, రెండూ కేరళవే, పప్పు 26, 27 శాతం దగ్గర. తడి ఆలస్యంగా ఆరే చోట మడక్కతర-2 కి అర్థం ఉంది. వేసవి 42 డిగ్రీలు తాకే మెట్టలో దాన్ని నాటితే పిందె దశ సరిగ్గా మండుటెండలో పడుతుంది. అక్కడ వద్దే వద్దు.

చింతామణి-1 గురించి ఎక్కువ మంది మాట్లాడరు, చెట్టుకు 7.2 కిలోలే అని. కర్ణాటక మైదాన ప్రాంతానికి, తీరపు వాన లేని చోటికి ఎంచిన రకమిది. పిక్క 6.9 గ్రాములు, పప్పు 31 శాతం. తీరపు రకాలను తెచ్చి ఆ నేలలో నాటితే వాటి పుట్టినింటి కిలోలు రావు. 7.2 తక్కువ అంకె అనిపించినా, అది పొడి నేలలో వచ్చిన అంకె. పోల్చాల్సింది వెంగుర్లలో వచ్చిన 17 తో కాదు, అదే మైదానంలో వెంగుర్ల-4 ఇచ్చే దానితో.

ఈ నియమం జీడి పుట్టిల్లు బ్రెజిల్లోనూ తప్పలేదు. సియరా రాష్ట్రంలోని పకజూస్ నుంచి వచ్చిన పొట్టి రకం సీసీపీ-76 అక్కడ విస్తారంగా సాగులో ఉంది, పండు కూడా అమ్ముడుపోయే రకం. లోపలి పొడి ప్రాంతాల్లో కాండం మీద బంక కారే తెగులు పొట్టి రకాలను బాధిస్తుంటే, దాన్ని తట్టుకునే బీఆర్‌ఎస్-226 ని ప్రత్యేకంగా విడుదల చేయాల్సి వచ్చింది.

నేల

రకం ఎంపిక కంటే ముందు గడ్డపారతో ఒక మీటరు తవ్వి చూడాలి. జీడి పేద నేలలో బతుకుతుందన్న మాట నిజమే. బతకడం, కాయడం ఒకటి కాదు. నీరు ఇంకి పోయే ఎర్ర నేలలు, లాటరైటు, తీర ఇసుక, ఉదజని సూచిక (పీహెచ్) 5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. నీరు నిలిచే నల్లరేగడి, చౌడు నేల అయితే పైన చెప్పిన ఏ రకమూ గట్టెక్కించదు. సముద్ర మట్టానికి 600, 700 మీటర్లు దాటితే చలికి పూత ఆలస్యమై దిగుబడి తగ్గుతుంది. మంచు గడ్డకట్టే చోట లేత చెట్టు బతకదు.

మామూలు నేలలో 60 సెంటీమీటర్ల గుంత చాలు. గట్టి లాటరైటులో మీటరు లోతు, మీటరు వెడల్పు తీసి పై మట్టి, పశువుల ఎరువుతో నింపాలి. లేకపోతే తల్లివేరు గుంత అడుగున తగిలి పక్కకు తిరుగుతుంది, మూడో ఏటి వేసవిలో ఆ చెట్లే ముందు ఆకు రాలుస్తాయి. వాలు నేలలో చెట్టుకు ఎగువన అర్ధచంద్రాకారపు కందకం తీస్తే వాన నీరు వేరు దగ్గరే ఇంకుతుంది. డ్రిప్పు లేని తోటల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే పని ఇంకోటి లేదు.

ముదురు చెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 125 గ్రాముల భాస్వరం, 125 గ్రాముల పొటాష్ ఇవ్వాలన్నది పుత్తూరు సిఫారసు. సంచుల లెక్కలో 1.1 కిలోల యూరియా, 780 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 210 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. మొదటి ఏడు ఇందులో ఐదో వంతుతో మొదలుపెట్టి ఏటా ఒక్కో వంతు పెంచుతూ ఐదో ఏటికి పూర్తి మోతాదుకు రావాలి. మొదలు నుంచి మీటరున్నర దూరంలో చుట్టూ 15 సెంటీమీటర్ల లోతు గాడి తీసి, ఎరువు వేసి కప్పాలి. ఇసుక నేలల్లో ఒకేసారి వేస్తే యూరియా వానతో పాటే దిగిపోతుంది, రెండు మూడు విడతలు తప్పవు. కాండం మొదలు దగ్గరే పోసేసి ఎరువు వేశాం అనుకునే తోటల్లో వేర్లకు అందేది కొంతే.

ఇసుక నేలలకు ఇంకో శత్రువు కాండం, వేరు తొలిచే పురుగు. మొదట్లో బెరడు పగుళ్ళ నుంచి బంకతో కలిసిన పొట్టు రాలుతుంది, కొన్నాళ్ళకు ఆకు పసుపు పచ్చబడుతుంది, చివరికి చెట్టు నిలువునా ఎండుతుంది. పొట్టు కనిపించిన రోజే బెరడు చెక్కి పురుగును బయటికి లాగి చంపాలి. మొదలు చుట్టూ సగానికి పైగా బెరడు తినేసి ఉంటే ఆ చెట్టు కోలుకోదు, వేళ్ళతో సహా తీసి తగలబెట్టకపోతే పక్క చెట్లకు పాకుతుంది. తోటలో పదేళ్ళు దాటాక దిగుబడి పడిపోతే "రకం ముసలిదైంది" అనే ముందు మొదళ్ళు చూడాలి.

అంటు కొనేటప్పుడు, కాపు వచ్చాక

ఐదారు నెలల వయసున్న మెత్తకొమ్మ అంటు తీసుకోవాలి. అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే నాటే ముందు విప్పేయాలి, లేదంటే కాండం లావెక్కి అక్కడే నొక్కుకుపోయి గాలికి విరుగుతుంది. సంచి అడుగున వేరు చుట్ట చుట్టుకుని ఉంటే వద్దు. నాటాక అతుకు నేలకు ఐదు సెంటీమీటర్లు పైన ఉండాలి, మట్టిలో పూడితే కుళ్ళుతుంది. అతుకు కింద వచ్చే చిగుళ్ళను మొదటి ఏడాది ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అది నాటు మొక్క చిగురు, దాన్ని వదిలేస్తే అంటును మింగేసి, బీపీపీ-8 అనుకున్న చోట ఊరూ పేరూ లేని చెట్టు నిలబడుతుంది. మొదటి రెండేళ్ళ పూత తుంచేయడానికి మనసొప్పదు, కానీ తుంచాలి.

ఒకే రకం మీద తోటంతా పెట్టడం కంటే ముందు పూసే రకం ఒకటి, మధ్యకాలంలో పూసేది ఒకటి కలపడం మంచిది. వాన ఒక పూతను కొడితే రెండోది మిగులుతుంది. వరుసల వారీగా విడివిడిగా నాటాలి, కలగాపులగం చేస్తే మందు వేళలు కుదరవు, తూకం విడిగా తెలియదు.

నర్సరీ ఇచ్చింది అడిగిన రకమేనా అన్నది నాలుగో ఏడు వంద పిక్కలతో తేలుతుంది. నేల రాలిన పిక్కలు ఏరి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, తేమ 8, 9 శాతానికి దిగాక వేర్వేరు చెట్ల నుంచి వంద లెక్కపెట్టి తూయాలి. పచ్చి పిక్క తూకంతో పోల్చకూడదు, అందులో నీటి బరువు చాలా ఉంటుంది. బీపీపీ-8 అయితే 820 గ్రాములకు అటూ ఇటూగా, వీఆర్‌ఐ-3 అయితే 720 కి, వెంగుర్ల-7 అయితే కిలోకు దగ్గరగా రావాలి. బరువు సరిపోయి పిక్కల సంఖ్య తగ్గితే తప్పు నీటిలోనో నీడలోనో పురుగులోనో ఉంది, రకం మార్చి లాభం లేదు. బీపీపీ-8 అని కొన్న చెట్ల పిక్కలు వందకు 500 గ్రాములే తూగితే మాత్రం వచ్చింది వేరే రకం.

అప్పుడు కూడా చెట్టు పీకనక్కర్లేదు. నేలకు ముప్పావు మీటరు, మీటరు ఎత్తులో నరికి, నరికిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూస్తే నెల, నెలన్నరకు మోడు నిండా చిగుళ్ళు వస్తాయి. వాటిలో గట్టివి పది పదిహేను ఎంచి కావలసిన రకం కొమ్మలతో అంటు కట్టి, నిలిచిన వాటిలో చుట్టూ సమంగా ఉండే ఐదారు ఉంచుకోవాలి. వేరు పాతదే కాబట్టి రెండో ఏడాదికే కాపు మొదలవుతుంది. నరికిన మోడు వాసనకు కాండం తొలిచే పురుగు వస్తుంది, ఆ ఏడాదంతా పదిహేను రోజులకోసారి మొదలు చుట్టూ వంగి చూడక తప్పదు.